హాజరు పలకని తోటలు

విశాఖపట్నం వెళ్ళడానికి చాలామందికి సముద్రమో సింహాచలమో కారణమవుతుంది. నాకు మెటా ఎనాలిసిస్ కారణమైంది. ఒకే సంగతి మీద పదిమంది పదిచోట్ల చేసిన పరిశోధనలను కలిపి, మొత్తం మీద తేలేదేమిటో లెక్కగట్టే పద్ధతి అది. బొబ్బిలి గ్రంథాలయంలో గణాంకశాస్త్రం బీరువా తాళం తీయించుకుని చదివినవాణ్ణి నేనొక్కణ్ణేనని లైబ్రేరియన్ గారే అన్నారు. ఆ మాట ఆయన విసుక్కుంటూ అన్నారని మా ఆవిడ అభిప్రాయం.

రుషికొండ దగ్గర ఒక కళాశాలలో ఈ పద్ధతి మీద శని, ఆదివారాల్లో తరగతులున్నాయని, ఆసక్తి ఉన్నవారెవరైనా రావచ్చని తెలిసింది. స్పేర్ పార్టుల దుకాణం మా ఆవిడకు అప్పగించి శుక్రవారం మధ్యాహ్నం ప్యాసింజరు ఎక్కాను. వెంట మా ఆవిడ అన్నగారు సన్యాసినాయుడు. నేనతన్ని బావ అంటాను, అతను నన్నూ బావే అంటాడు.

బావ ఊరికే రాలేదు. అతనికి జీడితోట ఉంది. పూత రాలకుండా ఆపుతుందంటూ ఒక డీలరు ఏదో పొడి అమ్మజూపుతున్నాడు. ఎనిమిది తోటల్లో వేశామని, ఎనిమిదింటా దిగుబడి పెరిగిందని కరపత్రం ఇచ్చాడు. తోటంతా వేయాలంటే బావ తన రెండు పాడిగేదెలనూ అమ్మాలి. గేదెలు ఉండాలా పోవాలా అన్నది నా లెక్క తేల్చాలని ఇంట్లో తీర్మానించారు. ఆదివారం సాయంత్రం డీలరు ఫోన్ చేస్తాడు, అప్పటికి మాట చెప్పెయ్యాలి.

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. గజపతినగరంలో అనాసపళ్ళ గంపతో ఎక్కిన ఒకావిడ నా ఒళ్ళో పుస్తకాన్ని, నా నెరిసిన జుట్టును మార్చిమార్చి చూసి, ఈ వయసులో పరీక్షకు వెళ్తున్నానా అని బావను అడిగింది.

"ఆయనకి ఎవులూ పరీచ్చ ఎట్టరమ్మా. ఆయనే అందరికీ ఎడతాడు" అన్నాడు బావ.

సాయంత్రం ఆరున్నరకు దిగి, కంచరపాలెంలో రైలు పట్టాల పక్కనున్న లాడ్జీలో గది తీసుకున్నాం. నా తర్వాత వెళ్ళేవారికి ఒక మాట: వీధి వైపు గది అడగండి. పట్టాల వైపు గదిలో గూడ్సు పోయినప్పుడల్లా మంచం గోడ వదిలి తలుపు దాకా వస్తుంది. తెల్లారి చూస్తే బావ మంచం నా మంచానికి అడ్డంగా ఉంది. ఇడ్లీ మాత్రం బాగుంది. యాత్రలు రాసేవాళ్ళు బాగున్న ఇడ్లీ గురించే రాస్తారు కాబట్టి, పక్క హోటల్లో సాంబారు బాగోలేదని కూడా రాస్తున్నాను.

శనివారం ఎనిమిదికి బయల్దేరి రెండు బస్సులు మారాం. రుషికొండ వెళ్ళేటప్పుడు కుడి వైపు కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది. మేము ఎడమ వైపు కూర్చున్నాం. పదింటికి తరగతి మొదలైంది. అందరూ లాప్‌టాప్‌లు తెరిచారు, నేను గ్రాఫు కాగితాలు తీశాను. బావ బయట మెట్ల మీద సెటిలయ్యాడు.

పాఠం చెప్పే ప్రొఫెసర్ మేడమ్, ఎవరి దగ్గరైనా ఉదాహరణ ఉందా అని అడిగారు. నేను అప్పటికే లేచి నిలబడి ఉన్నాను. ఎనిమిది తోటల ఫలితాలు చదివాను. పెద్ద తోటకు ఎక్కువ బరువు, చిన్న తోటకు తక్కువ బరువు ఇచ్చి సగటు ఎలా కట్టానో చెప్పాను. మేడమ్ మెచ్చుకున్నారు. ఆ మెప్పు తలుపు బయటికి వినిపించిందో లేదోనని నేనొకసారి అటు చూశాను.

తర్వాత ఆవిడ ఒక్కో తోటకూ బోర్డు మీద ఒక చుక్క పెట్టారు. పెద్ద తోటలు పైన, చిన్నవి కింద. లాభం వస్తే కుడికి, నష్టం వస్తే ఎడమకు. చిన్న తోటల ఫలితాలు గాలివాటంగా అటూ ఇటూ పడాలట. మా చిన్న తోటలన్నీ కుడి పక్కనే పడ్డాయి. కింద ఎడమ మూల ఖాళీ.

"ఈ మూల ఉండాల్సినవాళ్ళు ఏమయ్యారండీ?" అని అడిగారు మేడమ్.

"ఆబ్సెంటు మేడమ్" అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. ఎనిమిది చుక్కలతో ఏదీ రుజువు కాదని, అనుమానం మాత్రం పడవచ్చని చెప్పి, "ఎక్కడున్నారో కనుక్కుని హాజరు వేయించండి" అన్నారు.

అయిదింటికి బీచిలో మురీమిక్చరు తింటూ ఇదంతా బావకు చెప్పాను. పొడి పనిచెయ్యనివాళ్ళు ఎక్కడో నోరు మూసుకుని ఉన్నారన్నది సారాంశం. అతను వెంటనే ఫోన్ తీసి సాలూరు నుంచి పార్వతీపురం దాకా తెలిసిన తోటలవాళ్ళందరికీ చేశాడు. కొందరు వాడలేదన్నారు, కొందరు బాగుందన్నారు. మక్కువ ఊళ్ళో ఉన్న తన వియ్యంకుడు సింహాద్రినాయుడు గారైతే బ్రహ్మాండమన్నారట. నా ఎడమ మూల ఖాళీగానే ఉంది. గేదెలు పోయినట్టేనని బావ మిక్చరు పొట్లం నాకిచ్చేశాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి బయటికొచ్చేసరికి బావ ముఖం వేరుగా ఉంది. మక్కువలో ఉన్న కూతురు ఏదో పని మీద ఫోన్ చేస్తే, మాటల్లో పొడి సంగతి వచ్చిందట.

"మావయ్య పొడేసిన తోట సెక్కలో ఒక్క గింజ నిలవలేదంట. మీ నాన్నకి మాత్రం సెప్పకు అన్నాడంట" అన్నాడు బావ.

"మనకెందుకు చెప్పలేదు బావా?"

"ఏటి బావ అలగంతావు? పిల్లనిచ్చినోడి కాడ పంట పోయిందని ఎవుడైనా సెప్తాడేటి? నానైతే సెప్తానా?"

ప్రచురణ కాని ఫలితాల గురించి నేను చదివిన పుస్తకంలో ఒక అధ్యాయమే ఉంది. అందులో వియ్యంకుల ప్రస్తావన లేదు. అయితే ఇంకో చిక్కు వచ్చింది. ఈ సంగతి బావ ఎవరి దగ్గరా అనకూడదు. అంటే కూతురు మాట పడుతుంది, వియ్యంకుడి పరువు పోతుంది.

సాయంత్రం ప్యాసింజరులో తిరిగి బయల్దేరాం. రెండు రోజుల్లో ఏం నేర్చుకున్నానా అని లెక్క వేసుకున్నాను. కలపడం పుస్తకాల్లోంచి ముందే వచ్చు. కలపడానికి రానివాటి కోసం వెతకాలన్నది విశాఖపట్నంలో తెలిసింది. సముద్రం కూడా బాగుంది.

కొత్తవలస దాటాక డీలరు ఫోన్ వచ్చింది. బావ ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు. పొడి పనిచెయ్యని తోటలు ఏమేమిటో చెప్పమన్నాడు. అలాంటివేవీ లేవన్నాడు డీలరు.

"ఒకటి నాకు తెల్సు బాబూ. పేరు సెప్పను. నువ్వే సెప్పాల."

అవతల డీలరు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"పాచిపెంట అప్పలస్వామి గారేటండీ? ఆయనది నేలే మంచిది కాదండీ."

"ఆయన కాదు."

నేను గ్రాఫు కాగితం తీసి ఎడమ మూల ఒక చుక్క పెట్టాను.

"అయితే కురుపాం మేస్టారా? ఆయన ఆలీసంగా ఏసేరండీ."

"మేస్టారూ కాదు."

ఇంకో చుక్క. రామభద్రపురంలో ఒకరు, మెంటాడలో అన్నదమ్ములిద్దరు. ఎవరి మీద అనుమానం వస్తే వాళ్ళ పేరు చెప్పి, వెంటనే తప్పు వాళ్ళదేనంటున్నాడు డీలరు. ఎదుటి సీటాయన నా కాగితంలోకి వంగి చూస్తున్నాడు. ఖాళీ మూల నిండిపోయింది.

"మరింక మిగిలింది మక్కువ సింహాద్రినాయుడు గారేనండీ. ఆయనేనా?"

బావ కిటికీ వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "ఆయనెవులో నాకు తెల్దు బాబూ. పొడొద్దు" అని ఫోన్ పెట్టేశాడు.