అంటక్క పేరు మీద అమ్మిన కత్తి

మా నర్సరీలో ఆమెను అందరూ అంటక్క అనేవాళ్లు. పండ్ల మొక్కలకు అంట్లు కట్టడం ఆమె పని. కొత్తగా చేరినవాళ్లెవరైనా "అంట్లు తోముతుందా?" అని నవ్వితే, "ఇంట్లో అవీ నేనే తోముతాను, ఇక్కడ ఇవి కడతాను. ఈ రెండింట్లో నీకేది చేతనవునో చెప్పు" అనేది. ముప్పై ఏళ్లుగా కడుతున్న చేయి. నేను మొక్కలకు చీటీలు రాసేదాన్ని. ఆమె బల్లకు ఎదురు బల్ల నాది. అందుకని ఈ కథ చాలావరకు నా కళ్ల ముందే జరిగింది.

తల్లి పోయేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు, తమ్ముడికి ఆరు. బడి మానేసి వాణ్ణి పెంచింది. తనకు పెళ్లయ్యాక కూడా వాణ్ణి వెంటే ఉంచుకుంది. పెద్దయ్యాక అతను మెయిన్ రోడ్డు మీద పనిముట్ల దుకాణం పెట్టుకున్నాడు. "మా తమ్ముడు" అన్న మాట ఆమె నోట రాని పూట ఉండేది కాదు. మొక్క బాగా పట్టినా, వాన సరిగ్గా కురిసినా ఎలాగో తిప్పి వాడి దగ్గరికే తెచ్చేది.

ఒకరోజు ఆ తమ్ముడు గుడ్డ సంచితో నర్సరీకి వచ్చి, ఆమె బల్ల మీద ఐదు మడత కత్తులు పరిచాడు.

"అక్కా, తోటల్లో పనిచేసేవాళ్లంతా రోజువారీకి జేబు కత్తి ఏది మంచిదని అడుగుతున్నారు. నేను అమ్మేవాణ్ణే గానీ వాడేవాణ్ణి కాదుగా. నువ్వు చూసి చెప్పు. నీ మాటంటే వీళ్లకి రాతి మీద గీత."

"చూసి చెప్పేది కాదురా. జేబు కత్తంటే గోనెసంచి కొయ్యాలి, తాడు తెంపాలి, నీళ్ల పైపు కొయ్యాలి, ఆకలేస్తే పండు కొయ్యాలి. నెల రోజులు నా దగ్గర ఉంచు."

నెలంతా ఐదింటినీ వంతులవారీగా వాడింది. పన్నెండు పనిముట్లున్న కత్తిని మొదటి వారమే పక్కన పెట్టేసింది. "పెళ్లికొచ్చిన చుట్టాల్లా అందరూ ఉన్నారు, పని చేసేవాడు ఒక్కడూ లేడు" అంది. తళతళలాడే ఇంకొకదాని మొన పైపు మీద పెట్టగానే విరిగింది. మూడోది తెరవడానికి రెండు చేతులూ కావాలి. "ఒక చేత్తో కొమ్మ పట్టుకుని ఉంటాం, ఇంకో చెయ్యి ఎక్కణ్ణుంచి తేవాలి?" నాలుగోది పదును బాగానే నిలిచింది కానీ, తడిచేతిలో చేపలా జారింది. చివరికి మిగిలింది నారింజ రంగు పిడి ఉన్న మోటు కత్తి. బ్లేడు నడివేలంత పొడవు. గడ్డిలో పడినా రంగు కనిపిస్తుంది. మామూలు సానరాయి మీద నాలుగు గీతలు గీస్తే పదును వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, తెరిస్తే లోపల లాక్ గట్టిగా పడుతుంది, దానంతటది మడతపడదు.

"ఇదిరా. చూడ్డానికి ఏమీ ఉండదు. వాడితేనే తెలుస్తుంది" అని తమ్ముడి చేతిలో పెట్టి, ఒకటి తనకూ ఉంచుకుంది.

వారం తిరక్కుండానే దుకాణం మీద 'అంటక్క ఎంచిన కత్తి' అని బోర్డు వెలిసింది. ఆమె సిగ్గుపడింది. కానీ ఆ రోజు నుంచి దగ్గరి దారి వదిలేసి, మెయిన్ రోడ్డు చుట్టి ఇంటికి వెళ్లడం నేను గమనించాను. మా ట్రాక్టర్ డ్రైవర్ అడిగితే, "కళ్లు మూసుకుని కొనుక్కో" అని ఆమే చెప్పింది. అతను కొనుక్కున్నాడు.

నాలుగు నెలల తర్వాత ఆ డ్రైవర్ మొక్కల మడి దగ్గర నీళ్ల పైపు కోస్తుంటే, కత్తి మొన ఇరుక్కుంది. గట్టిగా నొక్కాడు. బ్లేడు గిర్రున వెనక్కి మడతపడి వేళ్ల మీద పడింది. కుడిచేతి రెండు వేళ్ల నరాలు తెగాయి. ఆసుపత్రిలో కుట్టారు కానీ, ఇక పూర్తిగా వంగవని చెప్పారు.

మూడో రోజు అతని భార్య నర్సరీకి వచ్చింది. చేతిలో రుమాలు మూట. అరవలేదు, ఏడవలేదు. మూట విప్పి కత్తిని అంటక్క ముందు పెట్టింది.

"మీ తమ్ముడి దుకాణానికి వెళ్లానండీ. కత్తి ఎంచింది మా అక్క, నేను అమ్మడమే చేశాను, ఏదున్నా ఆమెనే అడుగు అన్నాడు. అందుకే వచ్చాను."

అంటక్క ఆ కత్తి తీసి చూసింది. తన కత్తినీ తీసింది. అదే రంగు, అదే పిడి. తన కత్తి తెరిచి, బ్లేడు వెనక వైపును బల్ల అంచు మీద కొట్టింది. కదలలేదు. డ్రైవర్ కత్తిని అలాగే కొట్టింది. రెండో దెబ్బకే మడతపడింది. లోపల లాక్ రేకు కాగితమంత పలచగా ఉంది.

"ఇది నేను ఎంచింది కాదమ్మా."

"పేరు మీదేగా" అంది ఆ అమ్మాయి.

అంటక్క ఆ కత్తి తీసుకుని లేచింది. నన్ను తోడు రమ్మంది.

మేం వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. దుకాణంలో తమ్ముడు ఒక్కడే ఉండి మేకులు సైజుల వారీగా డబ్బాల్లో పోస్తున్నాడు. ఆమె కత్తి ముందు పెట్టి "ఇదేంట్రా?" అంది.

అతను తల ఎత్తలేదు. "నువ్వు ఎంచినవి మొదటి విడతలోనే అయిపోయాయక్కా. మళ్లీ రావాలంటే ఆర్నెల్లన్నారు. ఇక్కడేమో జనం ఎగబడుతున్నారు. ఇవి వేరేచోట దొరికాయి. అచ్చం అలాగే ఉన్నాయిగా."

"నాకొక్క మాట చెప్పావా?"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

అప్పటిదాకా ఆమెకు ఎక్కడో పొరపాటు జరిగిందన్న ఆశ మిగిలి ఉన్నట్టుంది. "అంటే తెలిసే చేశావు."

"వ్యాపారమన్నాక ఇలాంటివి ఉంటాయి. వందమంది కొన్నారు, ఒక్కడికే తెగింది."

"మరి ఆ పిల్లను నా దగ్గరికి ఎందుకు తోలావు?"

అతను మేకుల్లో చెయ్యి పెట్టి ఆగాడు. "నువ్వంటే వాళ్లకి గౌరవం కదా. నువ్వైతే సర్దిచెప్తావని."

"నన్ను అడ్డం పెట్టుకున్నావురా" అంది ఆమె, చాలా నెమ్మదిగా. తర్వాత చెయ్యి చాచింది. "స్క్రూడ్రైవర్ ఇవ్వు."

అలవాటు కొద్దీ అతను తీసి ఇచ్చాడు. ఆమె బయటికి వెళ్లి, స్టూలెక్కి, బోర్డు స్క్రూలు నాలుగూ విప్పింది. నేను కింద పట్టుకున్నాను. అతను గడపలో నిలబడి చూశాడు తప్ప ఆపలేదు, సాయమూ చేయలేదు.

ఆ మర్నాటి నుంచి పదకొండు రోజులు పని కాగానే తోట తోటకూ నడిచింది. ప్రతిచోటా అదే మాట. "మీ కత్తి ఇటివ్వండి. నేను ఎంచింది కాదిది, నా పేరు పెట్టి మా తమ్ముడు అమ్మాడు." ఏదైనా చెక్క మీద కొట్టి చూపించేది. చాలామంది ఇచ్చేశారు. కొందరు మాత్రం ముఖం మీదే అన్నారు, "అక్కా తమ్ముడూ కలిసి ఆడి, ఇప్పుడు చెడితే మా దగ్గరికి వచ్చారా?" అని. ఒక పెద్ద తోటమాలి, ఆమెతో పాతికేళ్ల పరిచయం ఉన్నవాడు, "దొంగ చేతికి తాళం ఇచ్చిందే నువ్వు కదమ్మా" అన్నాడు. ఆ మాటకు ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదట.

దుకాణం మూతపడలేదు. కత్తులు వెనక్కి తెచ్చిన కొందరికి వేరేవి ఇచ్చి అతను సర్దుకున్నాడు. రెండు నెలల్లో జనం మర్చిపోయారు. ఆమెను మాత్రం ఎవరూ ఇక ఏ సలహా అడగలేదు. ఆ ఏడు ఆమె కట్టిన అంట్లలో నూటికి నలభై ఎండిపోయాయి. ఎన్నడూ లేనిది. కోత సరిగ్గానే పెట్టేది, పట్టీ మాత్రం వదులుగా చుట్టేది. తమ్ముడి ఊసు నోట రావడం మానేసింది.

ఆ చేత్తో ట్రాక్టర్ నడపడం కుదరక, డ్రైవర్‌ను యజమాని మోటారు షెడ్డు దగ్గర పెట్టాడు. జీతం తగ్గింది. అంటక్క వెళ్లి యజమానితో పట్టుబట్టి, అతని భార్యను నర్సరీలో పనికి పెట్టించింది. పక్కన కూర్చోబెట్టుకుని ఏటవాలు కోత ఎలా పెట్టాలో, పుల్లనూ వేరుమొక్కనూ బెరడుకు బెరడు ఎలా కలపాలో నేర్పింది. మొదటి నెల ఆ అమ్మాయి 'ఊఁ', 'సరే' తప్ప మాట్లాడలేదు. అంటక్క కూడా మాట్లాడించలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు, పట్టీ చుడుతూనే ఆ అమ్మాయి అడిగింది. "మీ తమ్ముడు వచ్చి తప్పయిందంటే ఏం చేస్తారండీ?"

అంటక్క కొమ్మ చెక్కడం ఆపలేదు. "ముందు రానీ."

ఆ బోర్డు విప్పి ఏడాదిన్నర. నర్సరీకి, ఆ దుకాణానికి మధ్య నడిస్తే పది నిమిషాలు. అతను ఇంకా రాలేదు.