వడియాల మధ్య బొగ్గుముక్క

2018 చలికాలం. రాయపూర్ స్టేషన్ వెనక సందులో ఒక పక్క టైలరు, ఇంకో పక్క సమోసాల బండి, మధ్యలో నా దుకాణం. ‘ఇక్కడ వెబ్‌సైట్లు తయారు చేయబడును’ అని హిందీలో బోర్డు. సమోసాల కోసం వచ్చి వెబ్‌సైట్ చేయించుకుని వెళ్ళినవాళ్ళున్నారు. వెబ్‌సైట్ కోసం వచ్చి సమోసాలు మాత్రమే తిని వెళ్ళినవాళ్ళు ఇంకా ఎక్కువమంది ఉన్నారు.

నా చదువు సంగతి ముందే చెప్పేస్తే మంచిది. తొమ్మిదో తరగతిలో నేను బడి మానేశానని మా నాన్న అంటాడు. బడే నన్ను మానేసిందని నేనంటాను. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వేలో ఖలాసీగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన పట్టాల పని చూస్తుంటే, నేను ఒక సైబర్ కేఫ్‌లో కుర్చీలు తుడుస్తూ, ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఏం నొక్కుతున్నారో వెనకనుంచి చూస్తూ ఈ పని నేర్చుకున్నాను. పట్టా లేదు కాబట్టి గోడకి మేకు కొట్టే ఖర్చు కూడా తప్పింది.

ఆ చలికాలంలో ఒక మధ్యాహ్నం పైడమ్మక్క, ఆవిడ కూతురు రేణుక వచ్చారు. వాళ్ళది బీర్‌గావ్. పైడమ్మక్క భర్త పక్కనే ఉర్లాలో ఒక ఫ్యాక్టరీలో వెల్డరు. మా నాన్న ఊరికీ ఆవిడ ఊరికీ మధ్య ఒక ఏరు అడ్డం, అంతే. అందుకని నాకు అక్క అయింది. రాయపూర్‌లో తెలుగు మాట్లాడే ఆడమనిషి ఎదురైతే అక్కో, పిన్నో అయి తీరుతుంది, తప్పించుకోలేం.

వాళ్ళు అమ్మేది బూడిద గుమ్మడికాయ వడియాలు. ఇక్కడివాళ్ళు వాటినే రఖియా బడీ అంటారు. అవే గుమ్మడికాయలు, అదే మినప్పప్పు, అదే ఎండ. రేణుక చేస్తున్న బిల్లింగ్ ఉద్యోగం వదిలేసి, ఒక రెడీమేడ్ వేదిక మీద ఆన్‌లైన్ దుకాణం తెరిచింది. దుకాణం బాగానే ఉంది, మనుషులే లేరు.

“రోజూ తెరిచి సూసుకుంటన్నాం తమ్ముడూ,” అంది పైడమ్మక్క. “నానోపాలి, ఇదోపాలి. మా ఇద్దరికి తప్ప ఆ దుకాణం ఉన్నట్టు దేవుడిక్కూడా తెలీదు.”

“ఈ సీజన్ చూస్తాను మావయ్యా,” అంది రేణుక. “నడవకపోతే బంద్. నేను మళ్ళీ ఆఫీసుకి పోతా, అమ్మ గ్రైండర్ అమ్మేస్తుంది.”

పైడమ్మక్క కొంగు చివర తీసి, నా టేబులు మీద లేని దుమ్ము తుడిచింది.

వాళ్ళకి బ్లాగ్ కావాలని చెప్పాను. ఆన్‌లైన్ స్టోర్ అంటే ఒక అల్మరా. సరుకు, ధర, కొనడానికి నొక్కే మీట, అంతవరకే. అల్మరాతో ఎవరూ కబుర్లు చెప్పరు. బ్లాగ్ అంటే దుకాణం ముందు వేసిన బల్ల. దారినపోయేవాడు కాసేపు కూర్చుంటాడు, మాట వింటాడు, లేచేటప్పుడు మొహమాటానికైనా లోపలికి చూస్తాడు.

ముందు థీమ్ పెట్టాను. థీమ్ అంటే గోడలూ కిటికీలూ ఉండి, సున్నం వేయని ఇల్లు. ఆ సున్నం వేసే పనినే కస్టమైజేషన్ అంటారు. రంగులు, అక్షరాలు, పైన హెడర్ అనే పెద్ద పటం, పక్కన దుకాణానికి దారి. అన్నీ మన ఇష్టం.

“ఏ రంగు కావాలక్కా?”

“ఎండ రంగు.”

“ఎండకి రంగుంటుందా?”

“ఉండదేటి! పొద్దుగాల ఎండ యేరు, మద్దేనం ఎండ యేరు. వడియానికి నడి పొద్దుకి ముందొచ్చే ఎండ కావాల.”

తెర మీద రంగుల చక్రం తిప్పడం మొదలుపెట్టాను. “ఇది బెల్లం,” అంది. కొంచెం జరిపాను. “ఇది పచ్చకామెర్లు.” ఇంకొంచెం జరిపాను. ఆవిడ కళ్ళు చిట్లించి, ఏదో డాబా మీద నిలబడి ఉన్నట్టుగా తల పైకెత్తింది. “ఆఁ, ఇలగే. ఆగు. ఇంకొంచెం సలి పెట్టు.”

ఎండలో చలి పెట్టమని అంతకుముందు నన్నెవరూ అడగలేదు. రంగుని తెలుపు వైపు ఒక్క వెంట్రుకవాసి జరిపాను. “అదీ!” అంది. బయట సమోసాల బండి మీద నూనె చిటపటలాడుతోంది. ఆ పలచని పసుపు తెర మీద పరుచుకుంది. మేం ముగ్గురం దాని ముందు కూర్చుని, ఎందుకో, కాసేపు ఒళ్ళు కాచుకున్నాం.

హెడర్‌కి ఫోటో కావాలి. వడియాలు ఎక్కడ ఎండబెడతారని అడిగాను. బీర్‌గావ్‌లో మాత్రం కాదు. ఫ్యాక్టరీ పొగగొట్టాల పక్కన తెల్లచొక్కా ఆరేస్తే సాయంత్రానికి అది వేరే చొక్కా అవుతుంది. పైడమ్మక్క చెల్లెలు నయా రాయపూర్‌లో గవర్నమెంటు క్వార్టర్‌లో ఉంటుంది, మరిది ఏదో ఆఫీసులో అటెండరు. వడియాల రోజుల్లో పైడమ్మక్క గ్రైండర్‌తో సహా అక్కడికి మకాం మార్చేస్తుంది.

నేనూ స్కూటర్ మీద వెళ్ళాను. నయా రాయపూర్‌ని పగటిపూట చూస్తే, ఎవరో ఊరు కట్టేసి, మనుషుల్ని పిలవడం మరిచిపోయినట్టుంటుంది. అంత వెడల్పు రోడ్డు మీద నేనూ, నా స్కూటరూ, మా ఇద్దరి నీడా. సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడితే ఆగాను. నా కోసమే పడినట్టుంది, ఆగకపోతే బాధపడుతుందేమో అనిపించింది.

డాబా ఎక్కాను. పాత పంచెలు తడిపి పరిచి, వాటి మీద వరసలు వరసలుగా వడియాలు. పైన ఒక్క మబ్బు లేదు. ఉన్న మబ్బంతా తుంచి కింద పెట్టేసినట్టుంది. పైడమ్మక్క గిన్నెలోంచి పిండి తీసి, మూడు వేళ్ళతో వదిలి, ముందుకు జరుగుతోంది. తీయడం, వదలడం, జరగడం. చూస్తూ ఉంటే ఎక్కడో ఎవరో జోకొడుతున్నట్టు కళ్ళు మూతపడ్డాయి. గోడకి ఆనుకుని కూర్చున్నాను. దూరంగా కట్టీకట్టని భవనాలు, వాటి కిటికీ కన్నాల్లోంచి అటువైపు ఆకాశం. గాలికి పంచె అంచు లేచి పడుతోంది. ఊరు ఇంకా నిద్రలేవలేదని, లేచేలోగా ఈ వడియాలు ఎండిపోవాలని, ఆవిడ చప్పుడు చేయకుండా పని చేస్తోందని అనుకున్నాను. లేచి ఒక ఫోటో తీశాను. బాగా వచ్చింది. పొడుగెక్కువైందని ఒక పక్క కత్తిరించి హెడర్‌లో పెట్టాను.

పైడమ్మక్క చెప్పేది, రేణుక హిందీలో టైప్ చేసేది. గుమ్మడికాయ కొట్టి చూస్తే ఎలా మోగాలి, మంచు కురిసిన రోజున పిండి ఎందుకు పులుస్తుంది, కాకిని ఎలా మాటల్లో పెట్టాలి. ప్రతి కబురు కింద దుకాణానికి లింక్. జనం వచ్చారు. చదివారు, నవ్వారు, ఆర్డర్లు పెట్టారు. రేణుక ఫోన్ మోగినప్పుడల్లా సందంతా వినిపించేటట్టు “ఆర్డర్!” అని అరిచేది. టైలరు దారం తెంపుకునేవాడు.

అప్పుడొచ్చింది ఆ కామెంట్. దుర్గ్ నుంచి ఒకావిడ. హిందీలో, మర్యాదగానే రాసింది. ‘ఫోటో పెద్దది చేసి చూశాను. ఎడమ మూల బడీల పక్కన నల్లగా ఉన్నది ఏమిటి? పేజీ కింద అడ్రసు బీర్‌గావ్ అని ఉంది. అక్కడ మసి ఎలా పడుతుందో మాకు తెలుసు. ఇది పిల్లలకు పెట్టవచ్చా?’

మర్యాదగా అడిగిన ప్రశ్నంత ప్రమాదం ఇంకోటి లేదు. దాని కింద మర్యాద లేనివాళ్ళు చేరారు. ‘ఛీ’ అన్నవాళ్ళు, ఆర్డర్ క్యాన్సిల్ చేశామని చాటింపు వేసినవాళ్ళు. రేణుక ఫోన్ మళ్ళీ మోగడం మొదలుపెట్టింది, ఈసారి ఎవరూ అరవలేదు.

ఫోటో తెరిచి చూశాను. పంచె మూల మీద బొగ్గుముక్క, నిక్షేపంగా కూర్చుని ఉంది. దిష్టి బొగ్గు. వడియాలు పెడితే ఒక మూల బొగ్గు, పక్కన ఎండుమిరపకాయ పెట్టడం మా అమ్మా చేసేది. చిన్నప్పటినుంచి చూస్తున్నాను కాబట్టే అది నా కంటికి ఆనలేదు. మన ఇంటి గుమ్మం మనకి కనిపించనట్టు. మిరపకాయ మాత్రం నేను కత్తిరించిన పక్కకి పోయింది. మిరపకాయ లేని బొగ్గు, తెలియనివాళ్ళకి అచ్చం మసిలా ఉంది.

పైడమ్మక్క నయా రాయపూర్ నుంచి బస్సులో వచ్చింది. గోళ్ళ సందుల్లో పిండి ఇంకా ఉంది.

“కామెంట్ డిలీట్ చేసెయ్ మావయ్యా,” అంది రేణుక. “ఆ నల్లది కూడా తీసెయ్. ఎవరికీ పతా నహీ చలేగా, తెలీనే తెలీదు.”

రెండూ నా చేతిలో పనులే. కామెంట్ ఉంచాలా తీసేయాలా అని చూడటాన్ని మోడరేషన్ అంటారు. ఇక ఫోటోలో మచ్చ తీయడానికి క్లోన్ టూల్ ఉంది, పక్కనున్న బట్టని తీసి మచ్చ మీద అతికిస్తుంది. దానితో నేను ఎందరో పెళ్ళికొడుకుల బట్టతలల మీద పంట పండించాను. బాణం గుర్తు బొగ్గు మీద పెట్టాను.

“ఆగరా,” అంది పైడమ్మక్క. “ఏటి తీసేత్తన్నావు?”

“బొగ్గక్కా. జనం మసి అనుకుంటున్నారు.”

“మసి కాదని సెప్పు.”

“అమ్మా, బస్ కరో! ఇంటర్నెట్‌లో ఎవరూ వినరు.”

“ఇనకపోతే మీ మావ నా సేత ఇన్నాళ్ళూ కబుర్లెందుకు సెప్పించాడు?”

ఇలా దొరికిపోయినప్పుడు నేను ఒక జోకు వేస్తాను. ఆ రోజు అది రాలేదు.

“సెల్లి డాబా మీద ఎండేత్తే సూసేది ఓ కాకి, పక్కింటి ముసిలాయన,” అంది పైడమ్మక్క. “ఆళ్ళిద్దరికే బొగ్గెడతన్నాను. ఇప్పుడు ఊరూ పేరూ తెలీనోళ్ళందరూ గుడ్లప్పగించి సూత్తన్నారు. ఇప్పుడు తీసేత్తావేట్రా దిష్టి బొగ్గు? బుర్రుందా నీకు?”

నాకు నవ్వొచ్చింది. రేణుకకి రాలేదు. “నవ్వుతారమ్మా. అన్‌పఢ్ అంటారు మనల్ని, చదువు రానోళ్ళంటారు.”

పైడమ్మక్క కూతురి చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. “నవ్వనీయే. పైడమ్మ మసి తిండెట్టిందన్న మాట కన్నా, నవ్వు మేలు కాదేటి?”

బాణం గుర్తు బొగ్గు మీదనుంచి తీసేశాను.

ఆ మధ్యాహ్నమే కొత్త పోస్టు పెట్టాం. దుర్గ్ ఆవిడ ప్రశ్నని చెరపలేదు సరికదా, అందరికంటే పైన కనిపించేలా ఎత్తిపెట్టాను, దాన్ని పిన్ చేయడమంటారు. కత్తిరించని ఫోటో, బొగ్గూ మిరపకాయా నడిమధ్యలో ఉండేలా పెద్దది చేసి వేశాను. కింద పైడమ్మక్క చెప్పింది చెప్పినట్టు:

‘మా బీర్‌గావ్‌లో మసి పడే మాట నిజమే. ఉతికిన దుప్పటి మీద వేలితో పేరు రాసుకోవచ్చు. అందుకే వడియాల రోజుల్లో ఇల్లు వదిలేసి నయా రాయపూర్‌లో చెల్లెలి డాబాకి పోతాను. అక్కడ ఎండా గాలీ తప్ప ఏమీ లేవు, మనుషులు కూడా లేరు. ఫోటోలో నల్లది పొయ్యిలోంచి తెచ్చిన బొగ్గు. పక్కన మిరపకాయ ఉంది, ఫోటో తీసినాయన కోసేశాడు. కన్ను పడితే వడియం నూనెలో విచ్చుకోదు. మీ ఇళ్ళల్లో పెట్టరా?’

“బ్లాగ్‌క్కూడా ఓ బొగ్గెట్టు,” అంది పోతూ పోతూ.

ఫేవికాన్ అని ఒకటుంటుంది, పేజీ తెరిస్తే పైన పేరు పక్కన కనిపించే చిటికెడు బొమ్మ. అందులో ఒక నల్ల చుక్క పెట్టాను, పసిపిల్ల బుగ్గ మీద పెట్టినట్టు.

తర్వాత బ్లాగ్ నిశ్శబ్దంగా ఉంది. రేణుక పాత ఆఫీసుకి ఫోన్ చేసి, ఖాళీ ఉందా అని అడిగింది కూడా. నేను పేజీ తెరుస్తాను, ఆ పలచని ఎండ తెర మీద పరుచుకుంటుంది, ఎవరూ ఉండరు. నయా రాయపూర్ రోడ్డులా ఉంటుంది.

ఒక పొద్దున దుర్గ్ ఆవిడే వచ్చింది. క్షమించమనలేదు, మెచ్చుకోలేదు. ‘మా అత్తగారు బొగ్గు నట్టనడుమ పెట్టేవారు. మూలన పెడితే ఏం పనిచేస్తుంది?’ అని రాసింది.

రేణుక చదివి వినిపించగానే పైడమ్మక్క లేచి నిలబడింది. “నడుమెడితే గాలికి దొర్లి వడియాలకి నలుపంటుకోదేటి? ఆవిడికి తెలీదు. రాయే, రాయి!”

రాసింది. బిలాస్‌పూర్ నుంచి ఒకాయన బొగ్గు కాదు, ఇనుప తాళంచెవి పెట్టాలన్నాడు. ఇంకెవరో పాత చెప్పు అన్నారు. తిండి పక్కన చెప్పేమిటని నలుగురు ఆ చెప్పు మనిషి మీద పడ్డారు. తన నానమ్మ నిమ్మకాయ పెట్టేదని, నానమ్మ పోయాక ఇంట్లో ఎవరూ బడీలే పెట్టలేదని ఒకమ్మాయి రాసింది. దానికి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు. కానీ ఆ కామెంట్ కింద చాలామంది వచ్చి వెళ్ళినట్టు నాకు తెలుస్తుంది, అది చూపించే లెక్కలు నా దగ్గరుంటాయి.

గొడవ పడుతూ పడుతూనే దుర్గ్ ఆవిడ రెండు పొట్లాలు ఆర్డర్ పెట్టింది. క్యాన్సిల్ చేసినవాళ్ళు అందరూ తిరిగి రాలేదు. కొత్తవాళ్ళు వచ్చారు. హోలీకి ముందే సరుకు అయిపోయింది. రేణుక ఆఫీసుకి పోలేదు, గ్రైండర్ అమ్ముడుపోలేదు.

నాకు ఈ పనిలో గురువులు లేరు, కాబట్టి పాఠాలు ఇలాగే రావాలి. అంతవరకూ అందరి ఫోటోల్లోంచీ అడ్డమైనవి తీసేయడమే నా పని అనుకునేవాణ్ణి. తుడవగా తుడవగా మిగిలేది అందరిదీ ఒకేలా ఉండేది. ఇప్పుడు తీసేముందు అది ఏమిటని అడుగుతాను. కత్తిరించే ముందు అవతలి పక్క ఏముందో చూస్తాను.

పోయిన నెల ఒక సైకిల్ విడిభాగాల షాపాయన ఆన్‌లైన్ దుకాణానికి బ్లాగ్ కావాలని వచ్చాడు. షాపు ఫోటో చూపించాడు. కౌంటరు ముందు ఒక విరిగిన స్టూలు, మూడు కాళ్ళదే, గోడకి ఆనించి ఉంది. “దాన్ని తీసేస్తారు కదా?” అని సిగ్గుపడ్డాడు.

“ఎవరిదండీ అది?” అన్నాను.

ఆయన కుర్చీ ముందుకు లాక్కుని చెప్పడం మొదలుపెట్టాడు. నేను బయటికి తల పెట్టి రెండు ప్లేట్ల సమోసాలు చెప్పాను.