క్రెడిట్ కార్డుతో బేరమాడినదాన్ని

ఇరవయ్యేళ్ల వయసులో, రూపాయి సంపాదన లేకుండా, నేను క్రెడిట్ కార్డు సాధించాను. సామాన్యమా? కాలేజీ గేటు దగ్గర గొడుగు వేసుకుని కార్డులిస్తూ కూర్చున్నాయన “ఆదాయం ఉండాలి మేడం” అన్నాడు. నూజివీడులో మా నాన్నకు మామిడికాయల ట్రేలు, వరిగడ్డి, పురికొస అమ్మే కొట్టుంది. ఫారంలో ఆ కొట్టుకు నన్ను ఓనర్ని చేసుకుని, ఒక్క సంతకంతో మా నాన్నను పదవిలోంచి దించేశాను. ఆ సంతకం మమ్మల్ని ఎలా ముంచిందో వినండి.

నవంబరులో కార్డు మీద ఇరవై ఎనిమిది వేలు పెట్టి ఫోను కొన్నాను. బిల్లొచ్చింది. కనీసం పద్నాలుగు వందలు కట్టాలట.

మా కొట్లో చాట్రాయి తోటల వాళ్లు మార్చిలో ట్రేలు పట్టుకెళ్లి, కోతలయ్యాక డబ్బులిస్తారు. అప్పుడూ పై చిల్లర కొట్టేయిస్తారు. వడ్డీ మాటెత్తితే మర్యాద కాదు. అప్పంటే ఇదేననుకుని పెరిగినదాన్ని కదా, “పద్నాలుగు వందలెందుకు, వెయ్యి చాలు” అని వెయ్యి పంపాను. ఎవరూ కాదనలేదు. బేరం కుదిరిందనుకున్నాను! అలా మూడు నెలలు పంపి, ఆ తర్వాత అదీ మానేశాను. వాళ్లేమో అక్కడ వడ్డీ మీద జరిమానా, జరిమానా మీద పన్ను పేర్చుకుంటూ కూర్చున్నారు.

ఏప్రిల్లో ఫోన్లు మొదలయ్యాయి.

“మేడం, ఎప్పుడు కడతారు?”

“మామిడి కోతలయ్యాక ఇస్తానండి.”

“మీకు తోటుందా?”

“లేదండి. ట్రేలున్నాయి.”

“మేడం, మీరు ఓనరని రాశారు. రేపు కొట్టుకే వస్తాం.”

అప్పు సంగతి సరే, ఓనరు సంగతి బయటపడితే? పాతికేళ్లుగా నోటిమాట మీద సరుకు తెచ్చుకునే మనిషి మా నాన్న. కూతురు దొంగ ఓనరై సంతకం పెట్టిందని పదిమందిలో తెలిస్తే ఆయన ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు? మర్నాడు కొట్లోనే కూర్చుని ఫోనును గడ్డిమోపులో దాచాను. అది అక్కడే మోగింది. బేరానికొచ్చిన తోటాయన “గడ్డి పాడుతోందేంటండీ?” అన్నాడు. కొట్టు ముందు బైకు ఆగినప్పుడల్లా నా గుండె ట్రేలోంచి జారిన బంగినపల్లిలా దొర్లింది.

పదకొండో బైకు కార్డు వాళ్లు పంపిన వసూలాయనది.

“ఓనరు గారున్నారాండీ?”

“చెప్పండి, నేనే” అన్నాడు నాన్న.

“మీరు కాదండీ. శాంతి గారు. కార్డు బాకీ ఉంది.”

నాన్న నావైపు తిరిగాడు. తిడితే బాగుండును. తిట్టలేదు. “ఎప్పట్నుంచమ్మా?” అన్నాడంతే. నాకు చెమటలు పట్టాయి.

“మొత్తం ఎంతండీ?” అని నాన్న ఆయన్నే అడిగాడు.

“ముప్ఫై ఎనిమిది వేల ఆరు వందలు.”

నాన్న గల్లాపెట్టె తీశాడు. “కట్టేద్దాం.”

అడిగినంతా ఇవ్వడమా! అంత భయంలోనూ నా వంశం మేలుకుంది. “నువ్వు మధ్యలో రాకు నాన్నా” అన్నాను. “ఇరవై వేలండీ, ఇప్పుడే, ఒకేసారి.”

“కుదరదు మేడం.”

“పోనీ ఇరవై రెండు.”

ఆయన ఆఫీసుకు నాలుగుసార్లు ఫోన్ చేశాడు, రెండుసార్లు మంచినీళ్లు తాగాడు. చివరికి ఇరవై ఆరు వేల దగ్గర దిగాడు. “కానీ మేడం, ఇలా తగ్గిస్తే మీ రికార్డులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. రేపు లోను కష్టం.”

“పడనివ్వండి!” అన్నాను, పతకం పడుతున్నట్టు. నాన్న ఏదో అనబోయి, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

మూడేళ్లకు నాకు విజయవాడలో ఉద్యోగమొచ్చింది. ట్రేలు మోయడానికి నాన్నకు మినీ లారీ కావాలి. నా పేరు మీద లోను అడిగాం. బ్యాంకాయన కంప్యూటర్లో చూసి, “మీరు ఇదివరకు ఎక్కడో సెటిల్ చేసుకున్నారమ్మా” అన్నాడు. పక్కనే నాన్న. మళ్లీ అవే చెమటలు. నూటికి రూపాయి వడ్డీకి రావలసిన మూడు లక్షలు బయట రెండు రూపాయలకు తెచ్చి, రెండేళ్లు నాన్నే మోశాడు.

కాబట్టి మా కొట్టు కాటా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: వంకాయలకు బేరమాడతాను, ఆటోకు బేరమాడతాను, పెళ్లిలో కేటరింగాయన్ని ఏడిపిస్తాను. అచ్చయిన అప్పు కాగితం ముందు మాత్రం జన్మలో నోరు తెరవను.

ఇక లెక్క. కార్డుకు కట్టింది ఇరవై తొమ్మిది వేలు. లారీ మీద ఎక్కువ పడ్డ వడ్డీ డెబ్బై రెండు వేలు. మొత్తం లక్షా వెయ్యి. అందులో నేనిచ్చింది మూడు వేలు. మిగతాదంతా మా నాన్నదే.