వాకీటాకీలో వినబడిన ‘వస్తలే’

పొద్దున్నే గచ్చిబౌలి ఆఫీసుకు చేరగానే వాసంతి లిఫ్టు ఎక్కదు. గేటు పక్కన అమ్మవారికి దణ్ణం పెట్టి, “ఇవాళ నాతో ఎవరికీ పని పడనీకు తల్లీ” అనుకుంటూ మెట్లదారిన ఐదో అంతస్తుకు నడుస్తుంది. దారిలో ఎవరైనా అట్టపెట్టెలు వదిలేస్తే పక్కకు జరుపుతుంది. ఆ బిల్డింగులో ఆపద వస్తే జనాన్ని బయటికి చేర్చే బృందంలో తనంతట తానే పేరిచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్లు, గార్డులు, డ్రైవర్లు కలిసి చేసే సేవ అది. వాసంతిది కాకినాడ. గార్డులూ డ్రైవర్లూ చాలామంది ఇక్కడి తెలంగాణ ఊళ్లవాళ్లే.

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం వాన కుండపోతగా పట్టుకుంది. రోడ్డు మీది నీరంతా కార్లు దిగే దారిన ఉధృతంగా సెల్లారులోకి దిగసాగింది. క్యాబ్ డ్రైవర్లు అక్కడ కార్లలోనే కునుకు తీస్తుంటారు. ఎవరైనా మిగిలిపోయారేమోనని యాదయ్య కిందికి వెళ్లాడు. అతనూ డ్రైవరే, బృందంలోని మనిషే.

పైన జనాన్ని గేటువైపు పంపిస్తున్న వాసంతి వాకీటాకీలో పిలిచింది.

“యాదయ్యగారూ, పైకి వస్తున్నారా?”

గరగర మధ్య చివరి ముక్క మాత్రమే వినబడింది. “...వస్తలే మేడం.”

“సరేనండి, నిదానంగా రండి.”

అలా అన్నదే గాని మనసు నిలవలేదు. ఒకసారి మెట్లవైపు, ఒకసారి వానవైపు చూసింది. మళ్లీ పిలిస్తే గరగర తప్ప పలుకు లేదు. క్యాంటీన్‌లో పనిచేసే ప్రశాంతి వచ్చి, తడిసిన ఆమె భుజాల మీద తన చున్నీ కప్పి వెళ్లింది. అదీ ఆమెకు తెలియలేదు. ఉండబట్టలేక గార్డు తిరుపతి దగ్గరికి వెళ్లింది.

“యాదయ్యగారు వస్తాలే అన్నారు. ఇంకా రాలేదేంటండీ?”

తిరుపతి తలెత్తాడు. “వస్తాలే అన్నడా, వస్తలే అన్నడా?”

“రెండూ ఒకటేగా?”

“ఏడ ఒకటి మేడం. మా దిక్కు వస్తలే అంటే వస్తలేను, పైకి రానీకి ఐతలేదు అన్నట్టు. ఆయన ఇరుక్కున్నడు.”

 వాసంతి అతని కంటే ముందే మెట్లు దిగింది. సెల్లారు తలుపు లోపలివైపుకే తెరుచుకుంటుంది. లోపలి నీళ్లు దాన్ని నొక్కిపట్టాయి. వీళ్లిద్దరూ, వెనక వచ్చిన మరో ఇద్దరూ భుజాలు ఆనించి తోశారు. కదల్లేదు. అమ్మవారిని తలుచుకుని మళ్లీ తోసింది. కాస్త సందు పడగానే బురదనీళ్లు ఇవతలికి దూకాయి. ఆ సందులోంచి యాదయ్య ముందు ఒక నిద్రమొహం డ్రైవరును బయటికి నెట్టి, తర్వాత తాను వచ్చాడు.

“నిదానంగ రమ్మన్నరు గద మేడం, నిదానంగనే వచ్చిన,” అన్నాడు చలికి పళ్లు కొట్టుకుంటూ.

వాసంతికి నవ్వు రాలేదు. “మీ మాట నాకు అర్థం కాలేదండి. మీకేమైనా అయ్యుంటే...”

“గంత పరేషాన్ గాకు బిడ్డా. ఇగ నీతోని మీ తీర్గనే మాట్లాడ్త. ‘రాలేకపోతున్నానండి’ అంట. సరేనా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. “నీళ్లలో నిలబడి మా మాటలు వెతుక్కుంటారా? వద్దండి. నాకొక సాయం చేయండి. రోజూ టీ తాగేటప్పుడు నాతో మీ మాటల్లోనే మాట్లాడండి. నేను తప్పుగా వింటే అక్కడే ఆపి చెప్పండి.”