తుపాకీ ముట్టకుండా కుట్టిన ఒర

వెల్డన్ టిడ్వెల్‌కి అరవై మూడేళ్ళు. దాణా కొట్లో బస్తాలు మోసి మోసి మోకాళ్ళు అరగదీసుకుని, మొన్న మార్చిలో పని మానేసి ఇంట కూర్చున్నాడు. కూర్చోవడం పేరుకే. తెల్లారగానే వంటింట్లో చేరి, బీన్స్‌లో నీళ్ళు చాలతాయా, టీలో అంత పంచదార ఎందుకు, ఆ గరిటె అక్కడెందుకు పెట్టావు అంటూ తగుదునమ్మా అని ప్రతిదాంట్లో తల దూర్చేవాడు. అతని భార్య ఓలీటా మూడు వారాలు ఓర్చుకుంది. నాలుగో వారం గరిటె బల్ల మీద విసిరికొట్టింది.

"ఏమయ్యా, ముప్ఫై మూడేళ్ళుగా ఈ పొయ్యి వెలిగిస్తున్నాను. నీ సలహా లేకుండానే ఇంతమందీ తిని బతికారు. నీకు వచ్చిన పని ఒకటుందిగా, పోయి అది చేసుకో!"

"నాకేం వచ్చు?"

"తోలు పని."

ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఎందుకంటే ఆ పని అతను నేర్చుకున్నది జైల్లో.

మా డ్రై ఫోర్క్ ఊళ్ళో ఇది తెలియనివాళ్ళు లేరు కాబట్టి నేను దాచి చేసేదేమీ లేదు. ఇరవై రెండేళ్ళ వయసులో, తప్పతాగి, తుపాకీ పట్టుకుని పెట్రోలు బంకు దోచబోయాడు మహానుభావుడు. ఎవరికీ దెబ్బ తగల్లేదంటే అది అతని గొప్పేం కాదు, అదృష్టం. ఏడేళ్ళు లోపల పెట్టారు. అక్కడి తోలు షెడ్డులో ఓ ముసలి ఖైదీ దగ్గర బెల్టులూ పర్సులూ కుట్టడం నేర్చాడు. చెయ్యి తిరిగింది కూడా. కానీ బయటికొచ్చాక మళ్ళీ ఆ వాసన పీలిస్తే ఒట్టు. బూట్ల కొట్టు ఎదురైతే రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడిచేవాడు.

"పిచ్చోడా, తోలేం పాపం చేసింది?" అంది ఓలీటా ఆ రోజు. "బంకు దోచింది తోలా?"

మూడో రోజుకి గ్యారేజీలోంచి తోలుకి బెజ్జాలు పొడిచే ఆరె పోట్లు టకటకా వినిపించాయి.

ముందు కుక్క మెడపట్టీ కుట్టాడు. తర్వాత కత్తి తొడుగు. ఆ తర్వాత పక్కింటి హోయ్ట్ అడిగాడని తుపాకీ ఒర. మా పక్క గొడ్లు కాసేవాడి దగ్గర్నుంచి పియానో నేర్పే పంతులమ్మ దాకా తుపాకీ లేని నడుము ఉండదు, ఒరలకేం కరువు? మొదటిది మాత్రం నవ్వులపాలైంది. నమూనా కాగితాన్ని తిరగెయ్యకుండా తోలు గరుకు వైపు పెట్టి గీశాడు. తీరా కుట్టి చూస్తే ఎడమచేతి ఒర తయారైంది. హోయ్ట్‌ది కుడిచెయ్యి. ఓలీటా కడుపు పట్టుకుని నవ్వి, "ఇంకేం, ఆయన్నే చెయ్యి మార్చుకోమను!" అంది.

రెండోది కుదిరింది. ఇక ఊరంతా గ్యారేజీ ముందే. డబ్బు పుచ్చుకోడు, సరదాకి కుడతాడు. పీచ్ పండ్లు పెట్టి కాల్చిన తీపి రొట్టె ఎవరైనా తెచ్చిస్తే మాత్రం కాదనడు.

ఒక్కటే చిక్కు. అంత శిక్ష పడ్డవాడు జన్మలో తుపాకీ ముట్టకూడదు. చట్టం సంగతి అటుంచితే, తనకు తాను పెట్టుకున్న ఒట్టు అంతకంటే గట్టిది. ఒరేమో తోలు నానబెట్టి, లోపల తుపాకీ దూర్చి, పైనుంచి వేళ్ళతో నొక్కి నొక్కి ఆరబెడితేగాని పట్టు రాదు. అందుకని నీలం రంగు ప్లాస్టిక్ బొమ్మ తుపాకులు తెప్పించుకున్నాడు, ఏ రకానికి ఆ రకం. కాఫీ కొట్టు బ్యాచ్ ఊరుకుంటుందా?

"ఏంరా వెల్డన్, ఇవాళ బొమ్మలాటలో ఎవరు గెలిచారు?"

"నేనే. మీ ఆవిడ ఓడిపోయింది," అనేవాడు తాపీగా, కప్పు నింపుకుంటూ.

ఎవరేమన్నా నవ్వేసే ఆ మనిషికి ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర గుండెలో ముల్లు దిగింది.

వాళ్ళ ఒక్కగానొక్క కూతురు రాండా మా పోలీసు పెద్ద షెరీఫ్ దగ్గర డిప్యూటీ. చిన్నప్పుడు బళ్ళో దొంగ కూతురని ఏడిపిస్తే, ఏడ్చి ఏడ్చి, ఆ పంతం మీదే పోలీసైంది. ఏటా అక్టోబరులో షెరీఫ్ మాంసం కాల్చి పెద్ద విందు చేస్తాడు. దానికి పోలీసులంతా తమ దగ్గరున్న వాటిలో అందమైన తుపాకీని, చెక్కడాలున్న ఒరలో పెట్టుకుని, పెళ్ళికి నగలు దిగేసుకున్నట్టు దిగేసుకుని వస్తారు. ఈసారి రాండా సార్జెంటు అయింది. అందుకని తాతగారు, అదే ఓలీటా వాళ్ళ నాన్న, వాడిన పొడుగు గొట్టం పాత రివాల్వర్ పెట్టుకుంటానంది.

"ఒర అమరిల్లో పట్నంలో ఎక్కడైనా చేయిస్తాను," అంది బంగాళదుంపలు వడ్డించుకుంటూ.

వెల్డన్ చేతిలో ఫోర్కు కింద పెట్టేశాడు. ఊరందరికీ కుట్టాడు. కన్నకూతురు అడగలేదు. నలుగురూ చూసే చోట తండ్రి చేతిపని కట్టుకోవడానికి సిగ్గుపడుతోందా?

"నేను కుట్టనా?" అన్నాడు చివరికి.

"ఆ తుపాకీకి బొమ్మ దొరకదు నాన్నా, చేసిన కంపెనీయే మూతపడింది. అసలుది నీ చేతికివ్వలేను. నీకు తెలుసుగా."

"అందుకే అడగలేదా? ఇంకేం లేదుగా?"

"ఇంకేముంటుంది?" అంది రాండా. కానీ కళ్ళు కంచంలోకి దించేసింది. అది వెల్డన్ చూశాడు.

అయినా పట్టు వదల్లేదు. కూతురి చేత కొలతలు రాయించుకుని, పెకాన్ చెక్కతో ఆ రివాల్వర్ లాంటిదే చెక్కాడు. ఆరు వారాలు ఆ ఒర మీదే కూర్చున్నాడు. దాని నిండా నాగజెముడు పూలు చెక్కాడు, రేకు రేకునా. ఓలీటా అన్నానికి పిలిస్తే పలికేవాడు కాదు. "మళ్ళీ జైలుకెళ్ళావనుకుంటాలే," అని ఆవిడే పళ్ళెం గ్యారేజీకి తెచ్చిపెట్టేది.

విందు రోజు మధ్యాహ్నం రాండా వచ్చింది. ఒర మీది పూల రేకులు వేలితో ఒక్కొక్కటే తడిమింది. తన ట్రక్కు దగ్గరికి తీసుకెళ్ళి తుపాకీ పెట్టి చూసి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది. తుపాకీ సగం దాకా దిగి ఇరుక్కుపోతోంది.

వెల్డన్‌కి వెంటనే వెలిగింది. గొట్టం చివర గురి చూసే ముల్లుంటుంది. చెక్క తుపాకీకి ఆ ముల్లు విరిగితే, మళ్ళీ అతికించే ఓపిక లేక అరగదీసి సరిపెట్టాడు. "నా బుద్ధి గడ్డి తింది," అని నెత్తి కొట్టుకున్నాడు. తోలు మళ్ళీ తడిపి అసలు తుపాకీతో నొక్కితే తప్ప దారి లేదు. "పోనీలేమ్మా. డ్యూటీకి వేసుకునే నల్లది ఉందిగా, అది కట్టుకుపో."

రాండా బయటికెళ్ళి, తూటాలు తీసేసిన రివాల్వర్ పట్టుకుని గ్యారేజీలోకి నడిచింది.

"నాన్నా, నువ్వు ఆ గోడ దగ్గరికెళ్ళు. చేతులు వెనక్కి పెట్టుకో. నువ్వు చెప్పు, నేను నొక్కుతాను."

"అదేంటే, అరెస్టు చేస్తున్నావా?" అంది గుమ్మంలో నిలబడిన ఓలీటా.

వెల్డన్ గోడకి ఆనుకున్నాడు. రాండా తోలు తడిపి, తుపాకీ దూర్చి, పీకి, మళ్ళీ దూర్చింది.

"బొటనవేలితో. అక్కడ కాదు, పైన. అబ్బా, బిస్కెట్ల పిండి పిసుకుతున్నావా? మెల్లగా, పూలు చెడతాయి!"

"అరవకు నాన్నా!"

"అరవట్లేదు! ఆఁ, అక్కడే. ఆ ముల్లు పొడుగునా గాడి తియ్యి... అద్దీ!"

తుపాకీ జర్రున లోపలికి దిగింది. రాండా దాన్ని తీసి, ట్రక్కులో పెట్టి తాళం వేసి వచ్చింది. తడి ఒరను అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని మీద నీ పేరేది?"

"పేరెందుకమ్మా?" వెల్డన్ గొంతు తగ్గింది. "షెరీఫ్ విందులోకి ఆ పేరెందుకు?"

"అబద్ధం చెప్పను నాన్నా. ముందు నాకు సిగ్గేసింది. అందుకే అడగలేదు. నువ్వే కుడతానని అడిగిన రోజు ఇంటికెళ్ళి ఏడ్చాను." ముక్కు ఎగబీల్చింది. "తోలు తడిగా ఉంది. ఆరితే కత్తి దిగదు. రాయి."

వెల్డన్ ఒర బోర్లా తిప్పి, నడుముకి ఆనుకునే వైపు కత్తి పెట్టబోయాడు. రాండా దాన్ని లాక్కుని వెల్లకిలా తిప్పింది.

"ముందువైపు రాయి. వెనక రాస్తే ఎవరికి కనపడుతుంది?"

కళ్ళు మసకబారిపోయి మొదటి అక్షరం వంకరపోయింది. "ఏడుపాపి రాయవయ్యా, తోలు ఇప్పటికే తడిగా ఉంది," అంది ఓలీటా, తనే ఏడుస్తూ.

ఇంకా ఆరని ఒరతోనే రాండా విందుకెళ్ళింది. ఇస్త్రీ చేసిన జీన్సు ఒక పక్కంతా తడిసిపోయింది. అందరూ తుపాకులు తీసి ఒకరికొకరు చూపించుకుంటున్నారు. షెరీఫ్ ఆమె దగ్గరికొచ్చి, "మీ తాతగారిదటగా, ఏదీ, తియ్యమ్మా చూద్దాం," అన్నాడు.

రాండా తియ్యలేదు. పేరు కనపడేలా పక్కకి తిరిగి నిలబడింది.

"తుపాకీదేముంది సార్," అంది. "ముందు ఇది చూడండి. మా నాన్న కుట్టాడు."