ఎడమ కాలికి ఒక కంపెనీ, కుడి కాలికి ఒక కంపెనీ

ఇన్నేళ్ళుగా నేను దాచుకున్నవి రెండు బూట్లు. జత కాదు. ఒకటి ఎడమది, ఒకటి కుడిది, వేరువేరు కంపెనీలవి. చేతిలోకి తీసుకుంటే బరువే ఉండవు. అయినా ఆ డబ్బా ఉన్న అటక వైపు చూడకుండా ఇల్లంతా తిరగడం నేర్చుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు. మా ఇంటావిడకు కూడా చెప్పకుండానే ఆమెకు మట్టి ఇచ్చి వచ్చాను. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నానేమో.

గద్వాలలో నాకు చెప్పులు, బూట్ల దుకాణం ఉండేది. రాయచూరు నుంచి వనపర్తి దాకా బూట్ల సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని, సోలు వాసన చూసి కంపెనీ పేరు చెప్పేవాణ్ణని రాయబోయాను. చూశారా, ఒప్పుకోవడానికి కూర్చున్నా చెయ్యి ఊరుకోదు. వాసన చూసేవాణ్ణి, అది నిజమే. అంతకుముందే డబ్బా మీద పేరు చదివేసేవాణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. పోలీసు కొలువుల కోసం కుర్రాళ్ళు పొద్దున్నే అయిజ రోడ్డు మీద పరుగెత్తేవాళ్ళు. వాళ్ళ కోసమే పరుగు బూట్లు తెప్పించాను. రెండు కంపెనీలవి. పేర్లు చెప్పను, తప్పు వాటిది కాదు. ఒకటి నీలం సోలుది. మడమ కింద మెత్తటి దిమ్మ ఉండి ఎత్తుగా ఉండేది. రెండోది తెల్లగీతలది. పలచటి, గట్టి సోలు, నేలకు అంటుకున్నట్టు ఉండేది. ఏది ఎక్కువ కాలం మన్నుతుందని అందరూ అడిగేవాళ్ళు. మన మొరం కంకర రోడ్ల మీద నీలం సోలు మడమ దగ్గర తొందరగా అరుగుతుందని కొందరు, తెల్లగీతలదానికి చిటికెనవేలి దగ్గర గుడ్డ చిరుగుతుందని కొందరు. నేను ఎవరొస్తే వాళ్ళకు తగినట్టు చెప్పేవాణ్ణి. ఒకాయనకైతే, సరిగ్గా ఇవే బూట్లతో రాయచూరు భక్తుడొకడు శ్రీశైలం నడిచివెళ్ళి నడిచొచ్చాడని, సోలు మీద అచ్చు కూడా చెరగలేదని చెప్పాను. ఆ భక్తుణ్ణి నేను చూడలేదు. అలా వెళ్ళే భక్తుల్లో చాలామంది వట్టి కాళ్ళతో నడుస్తారని కూడా నాకు తెలుసు.

వీరేశ్ అప్పుడే వచ్చాడు. అయిజ పక్కన ఒక పల్లె వాడిది. తండ్రి కౌలుకు పత్తి విత్తనం పండించేవాడు. వాడు గద్వాలలో గది తీసుకుని చదువుకుంటూ పోలీసు సెలక్షన్‌కు తయారవుతున్నాడు. వాడి పరుగు నేను చూశాను. ఇందులో నా కోతలేమీ లేవు. వాడు పరుగెత్తుతుంటే మొరం రోడ్డు మీద దుమ్ము లేచేది కాదు.

వాడు కొనగలిగింది ఒక్క జత. ఏది మన్నుతుంది చాచా అని వాడూ అడిగాడు. దుకాణంలో నలుగురు కూర్చుని ఉన్నారు. పక్క చాయ్ హోటల్ వాళ్ళూ తొంగి చూస్తున్నారు. నలుగురు ఉంటే నా నోరు ఆగదు.

“ఎడమ కాలికి ఇది ఎయ్యి, కుడి కాలికి అది ఎయ్యి. ఉరుకు. ఏది ముందుగాల సస్తె అది ఓడినట్టు. గెలిచిన కంపెనీది కొత్త జత నీకు ఊకెనే ఇస్త.”

నవ్వులాటకే అన్నాను. అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. వాడికి బూట్లు కావాలి.

అలా ఎడమకు నీలం సోలు, కుడికి తెల్లగీతలు వేసుకుని వాడు పరుగెత్తడం మొదలుపెట్టాడు. వారం వారం సంతనాడు దుకాణానికి వచ్చి బల్ల మీద కాళ్ళు చాపేవాడు. నేను రెండు సోళ్ళూ బొటనవేలితో నొక్కి, కళ్ళు మూసుకుని, వైద్యుడు నాడి చూసినట్టు చూసి తీర్పు చెప్పేవాణ్ణి. పల్లెల నుంచి సంతకు వచ్చినవాళ్ళు గుంపుగా నిలబడేవాళ్ళు. చాయ్‌ల పందేలు కట్టుకునేవాళ్ళు. చూడ్డానికి వచ్చినవాళ్ళు చెప్పులు కొనుక్కుని పోయేవాళ్ళు. నా దుకాణం అంతకుముందు అట్లా నిండింది లేదు, ఆ తర్వాతా లేదు.

బూట్ల దుకాణంలో నేల మీద వాల్చి పెట్టే చిన్న అద్దం ఉంటుంది, కాళ్ళు మాత్రమే కనబడేది. మొదటి సంతనాడే అందులో చూశాను. వాడి ఎడమ మడమ పైన ఉంది, కుడి మడమ కింద ఉంది. అర వేలు తేడా. తలెత్తి చూస్తే కుడి భుజం దిగి ఉంది. నేను చూశాను. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే తెలియక చేశానని ఆ తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను, చెప్పుకుని చెప్పుకుని దాదాపు నమ్మాను కూడా. తెలిసే చేశాను.

కొన్ని వారాల తర్వాత, జనం వెళ్ళిపోయాక, వాడు బల్ల మీద నుంచి లేవలేదు.

“చాచా, కుడి మోకాలు లోపట గుంజుతుంది. ఉరికొచ్చినంక మెట్లు దిగనిస్తలేదు. రెండు ఒకటే కంపెనీవి ఇయ్యరాదు?”

“కాలు బూటుకు అలవాటైతది బేటా. జర ఓపిక పట్టు. ఇప్పుడు ఇడిసిపెడితె మంది నవ్వుతరు.”

“ఎవర్ని చూసి నవ్వుతరు చాచా?”

భుజం తట్టి చాయ్ తెప్పించాను. నన్ను చూసి అని నాకు తెలుసు. ఆ ఒక్క నవ్వుకు భయపడ్డానా? వచ్చే సంతకు దుకాణం ఖాళీగా ఉంటుందని భయపడ్డానా? లేక ఇంకా కిందికి పోయి చూస్తే, ఊళ్ళో ఏ పెద్దమనిషీ లెక్కచేయని నన్ను వారానికొకసారి అంతమంది నోరు తెరుచుకుని వినేసరికి ఆ రుచి మరిగానా? ఏదైనా సరే, వాడి మోకాలి కంటే అది నాకు ఎక్కువైంది.

సెలక్షన్ దగ్గర పడింది. గెలిచింది తెల్లగీతల బూటని చాటాను. నిజానికి రెండూ దాదాపు ఒకేలా మన్నాయి. తెల్లగీతలవి నా దగ్గర ఎక్కువ మిగిలి ఉన్నాయి, అదీ సంగతి. అందరి ముందూ వాడికి కొత్త జత ఇచ్చాను. చప్పట్లు కొట్టారు. వాడు లేచి నిలబడి నాకు దండం పెట్టాడు.

పాలమూరులో ఐదు కిలోమీటర్ల పరుగు. నేను వెళ్ళలేదు, వెళ్ళినవాళ్ళు చెప్పారు. చాలాసేపు వాడే ముందున్నాడట. ముగింపు గీత కనబడే దూరంలో మోకాలు పట్టుకుని కూర్చుండిపోయాడట. లేవమని అరిచినా లేవలేకపోయాడట.

రెండు రోజులకు డబ్బా పట్టుకుని దుకాణానికి వచ్చాడు.

“ఇవి వాపస్ తీస్కో చాచా. ఒక్కసారే తొడిగిన. బూట్లు మంచిగనే ఉన్నయి. కాలే పనికి రాలె.”

నేను నోరు తెరిచేలోపే బెంచీ మీద ఉన్న ముసలాయన ఒకరు అందుకున్నారు.

“ఏంది సేటూ, నువ్వు చెరొక బూటేసి ఉరికిస్తివి గద. గందుకే గిట్లయిందేమో.”

దుకాణంలో ఉన్నవాళ్ళందరూ నా వైపు తిరిగారు. వీరేశ్ కూడా తిరిగాడు. వాడి చూపులో కోపం లేదు. తెలుసుకోవాలని ఉంది, అంతే.

నేను వాణ్ణి బల్ల మీద పడుకోబెట్టాను. రెండు మడమలూ కలిపి పట్టుకున్నాను. చాలాసేపు చూసినట్టు చూశాను.

“బూటు కాదు. పుట్టుకతోనే నీ కుడికాలు జర పొట్టి బేటా. మొదటి దినమే అద్దంల చూసిన. నీ మనసు నొస్తదని చెప్పలె.”

“గట్లనా” అన్నాడు.

అంతే అన్నాడు. లేచి కూర్చుని తన కుడికాలును ఇంకెవరిదో అన్నట్టు చూసుకున్నాడు. వచ్చేటప్పుడు కొంచెం కుంటుతూ వచ్చాడు. పోయేటప్పుడు ఎక్కువ కుంటాడు.

ఆ తర్వాత ఏ సెలక్షన్‌కూ పోలేదు. దవాఖానకు కూడా పోలేదు. పుట్టుకతో వచ్చినదానికి డాక్టరేం చేస్తాడు? ఆ మాట కూడా నేనే అన్నానేమో, గుర్తులేదు. గుర్తులేదనడం అబద్ధం. అన్నాను. వాడు తిరిగిచ్చిన జతను తుడిచి మళ్ళీ అరలో పెట్టాను, నెల తిరగకముందే అమ్మేశాను.

తండ్రితో పాటు పత్తి చేలోకి దిగాడని విన్నాను. పెళ్ళయిందని విన్నాను. ఆ దశాబ్దం చివర్లో ఒకరోజు కూతురి చెయ్యి పట్టుకుని దుకాణం మెట్లు ఎక్కాడు. ఒక్కో మెట్టు మీద ముందు ఎడమకాలు పెట్టి, కుడికాలును దాని పక్కకు తెచ్చుకుని.

“సలామ్ చాచా. పిల్లకు బడి బూట్లు ఇయ్యి. జర దీని కాళ్ళు గూడ చూడు. నా తీరుగ పొట్టి గిట్ల ఉన్నయేమో. బడిల ఉరుకుడు పెడుతున్నరంట, నేను పోనిస్తలేను.”

“నేనే అందరికన్న ముందు ఉరుకుత తాతా” అని ఆ పిల్ల మెల్లగా, నాకు మాత్రమే చెబుతున్నట్టు చెప్పింది.

ఆ పిల్లను అదే బల్ల మీద కూర్చోబెట్టాను. ఈసారి నిజంగా చూశాను. “రెండు ఒక్కతీరుగ ఉన్నయి, ఉరకనీ” అన్నాను. “అయినా ఎందుకులే చాచా, పెరిగినంక ఏమైతదో” అన్నాడు వాడు. చెప్పడానికి నోరు తెరిచాను. మాట నాలుక మీదికి వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం ఇది: “పిల్ల కాలు పెరుగుతది, ఒక సైజు పెద్దది తీస్కో.”

ఎడమ నీలం సోలు, కుడి తెల్లగీత వాడికి ఇచ్చినప్పుడు, వాటి జోడీలు నా దగ్గర మిగిలాయి. అటక మీద డబ్బాలో ఉన్నవి అవే. మొన్న దించాను. గుడ్డ కుక్కి నా కాళ్ళకు వేసుకున్నాను. వీధి చివరి మసీదు దాకా నడిచి రావాలనుకున్నాను. సగం దారిలోనే నడుము ఒక పక్కకు లాగింది, గోడ పట్టుకుని నిలబడ్డాను. ముసలితనం అందామా? అనొచ్చు. నాకు ఎప్పుడూ ఏదో ఒక మాట దొరుకుతుంది.

మీరు క్షమించాలని ఇది రాయలేదు. ఆ హక్కు మీది కాదు, అడిగే ముఖం నాది కాదు. అయిజకు బస్సులున్నాయి. పోతానని రాస్తే అదీ నా కోతల్లో ఒకటి కావచ్చు, అందుకని రాయను. చెప్పగలిగింది ఇంకొక్కటే మిగిలింది, అది చెబితే నా చేతిలో ఏమీ ఉండదు.

ఆ రోజు బల్ల మీద వాడి మడమలు కలిపి పట్టుకున్నాను కదా, చూసినట్టు చూశానని రాశాను. నిజంగానే చూశాను. నా బొటనవేళ్ళ కింద రెండు మడమలూ సమానంగా ఉన్నాయి.