మోపు మానిన సైదమ్మ

మోత్కూర్ దగ్గరి ఆ పల్లెలో దొర గడీలోని గుర్రాలకు గడ్డి కోయడం సైదమ్మ వంతు. వంతు అన్నది పేరుకే, కూలీ నాలీ లేని వెట్టి అది. అత్త కోసింది, అత్త పోయాక కోడలు కోసింది. గుర్రాల కొట్టం చూసే రామచంద్రయ్యది ఒకటే పట్టు, మంచు తడి ఆరాకే కోయాలని. తడి గడ్డి తింటే గుర్రాలకు కడుపుబ్బుతుందట. తడి మోపు తెచ్చిననాడు అతని కర్ర దెబ్బలకు సైదమ్మ వీపు కమిలిపోయేది. అందుకని పొద్దు బారెడెక్కితే తప్ప ఆమె చెయ్యి కొడవలి మీదికి పోయేది కాదు.

దొరలకు ఎదురు నిలిచిన సంఘం ఊళ్లోకి వచ్చి వెట్టి చెయ్యొద్దన్నప్పుడు అందరికంటే ముందు మోపు మానింది సైదమ్మే. సంఘం అండ చూసి దొర ఆమెను కొట్టించడానికి జంకాడు. చెరువు నీళ్లు తీసిన శిఖం నేలలోకి, పొలం గట్ల మీదికి ఆమె బర్రె రాకూడదని మాత్రం చాటింపు వేయించాడు. మొగుడు పోయిన మనిషికి ఆ బర్రె పాలే ఆధారం. పాలు ఎండితే సైదమ్మ కాళ్లబేరానికి వస్తుందని ఆయన ఎత్తు. వాడకట్టు ఆడవాళ్లకూ అదే గుబులు. ఆమె లొంగితే మళ్లీ అందరూ మోపులెత్తాల్సిందే.

ఇక మిగిలింది గుట్ట. తొలకరికి అక్కడ గడ్డి మొలిచింది కానీ తర్వాత వానలు ముఖం చాటేశాయి. సైదమ్మ అలవాటు ప్రకారం ఎండెక్కాక పోయి కోసింది. ఆకులన్నీ దబ్బనాల్లా బిగుసుకుని ఉన్నాయి, అంచులు వేళ్లను కోశాయి. బర్రె వాసన చూసి మొహం తిప్పుకుంది. రోజురోజుకూ పాలు తగ్గుతుంటే పొరుగింటి బిక్షమ్మ భయపడి, పోయి దొర కాళ్లు పట్టుకొమ్మంది. సైదమ్మకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంటతోనే మర్నాడు తెల్లారకముందే గుట్టెక్కింది. నిన్న కోయగా మిగిలిన దుబ్బే, కానీ ఆకులు విచ్చుకుని మెత్తగా ఉన్నాయి. ఆశ్చర్యపోయి అక్కడే కూర్చుంది. ఎండ సోకుతున్నకొద్దీ ఆకు రెండంచులూ దగ్గరికొచ్చి చుట్ట చుట్టుకున్నాయి. లోపలి లేత ముఖాన్ని దాచుకుని గరుకు వీపును ఎండకు ఒప్పగించింది గడ్డి. ఒంట్లోని తడిని కాపాడుకునే ఉపాయం అది. చెరువు గడ్డికి ఈ తిప్పలెందుకు? దాని ఆకు వెడల్పు, పలుచన. కాడ నలిపితే లోపలంతా బోలు, గాలి. వేళ్లు బురదలోకి పోయి ఊపిరాడనప్పుడు ఆ గాలే దానికి దిక్కు. ఎండ ముదిరితే తల వాల్చడం ఒక్కటే దానికి తెలిసిన విద్య.

సైదమ్మకు గుట్ట మీద కాదు, తన చేతుల మీద కోపం వచ్చింది. మోపు మానినా, గడీ గుర్రాల వేళకే కదా ఇన్నాళ్లూ కొడవలి పట్టింది! సిగ్గుతో కాసేపు ఏడ్చి, లేచి, గబగబా కోసింది. తడి గడ్డికి బర్రె కడుపు ఉబ్బలేదు సరికదా, తృప్తిగా నెమరేసింది. పాలు మునుపటంత రాలేదు కానీ ఎండిపోనూ లేదు. కొన్నాళ్లకు వాడకట్టంతా ఆమె వెంట పొద్దు పొడవకముందే గుట్టెక్కసాగింది.

ఆ మరుసటి ఏడు పోలీసు యాక్షన్ అయింది. అంతకుముందే సంఘానికి జడిసి పట్నం పారిపోయిన దొర, నెత్తిన రూమీ టోపీ తీసి ఖద్దరు టోపీ పెట్టుకుని గడీకి తిరిగొచ్చాడు. వెనకాలే రామచంద్రయ్య కర్ర పట్టుకుని వాడలోకి దిగాడు. బర్రెను శిఖంలోకి తోలుకోవచ్చని, దొర మనసు మెత్తబడిందని, పొద్దెక్కగానే మోపు తేవాలని చెప్పాడు. బిక్షమ్మ గుమ్మంలో నిలబడి సైదమ్మ వైపే చూస్తోంది.

"నీ బాంచెను" అనకుండా సైదమ్మ నోరు తెరవడం రామచంద్రయ్య వినడం అదే మొదలు.

"గుర్రాలు దొరయి, కొడవలి నాది. మేత గావాల్నంటే దొరనే కోసుకొమ్మను, రామచంద్రయ్యా. ఎండ రాకముందే గుట్టెక్కమను జర, ఎండెక్కినంక ఆకు ముడుసుకుంటది."

అతను కర్ర ఎత్తాడు. సైదమ్మ వెనక్కి జరగలేదు. బిక్షమ్మ గుమ్మం దిగి వచ్చి పక్కన నిలబడింది, ఆమె వెనక మిగతా ఆడవాళ్లూ వచ్చారు, ఎవరి కొడవలి వాళ్ల చేతిలోనే ఉంది. రామచంద్రయ్య ఆ ముఖాలన్నీ చూసి మెల్లగా కర్ర దించాడు. ఆ పూట గడీ గుర్రాలు పస్తున్నాయి.